పాటా బీట్‌బాక్సూ ఒకే మైకులో: సముద్రపు ఒడ్డున రెగే షోకి సౌండ్ ఎలా సెట్ చేయాలి?

ప్రశ్న:
మాటిస్యాహు (యూదు మతానికి చెందిన అమెరికన్ రెగే గాయకుడు) తరహా లైవ్ సెటప్ గురించి అడుగుతున్నానండీ. ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్‌లో సముద్రం పక్కన ఓపెన్ ఎయిర్ వేదిక, శనివారం రాత్రి షో అనుకోండి. ఆయన 2005లో అమెరికాలోని ఆస్టిన్‌లో రికార్డు చేసిన లైవ్ ఆల్బమ్‌లోలాగే గిటార్, బాస్, డ్రమ్స్, గొంతు మాత్రమే; కీబోర్డు లేదు. పాట నుంచి ర్యాప్‌కి, అక్కణ్నుంచి బీట్‌బాక్స్‌కి (నోటితోనే డ్రమ్స్ మోత) మైకు మార్చకుండానే వెళ్లిపోతారు. లో కట్ (లోతైన శబ్దాల్ని కోసే ఫిల్టర్) పెడితే బీట్‌బాక్స్ కిక్ పలచబడుతుంది. తీసేస్తే పాట ముద్దగా వినిపిస్తుంది, మానిటర్లు (గాయకుడి వైపు తిప్పిన స్పీకర్లు) కూస్తాయి. ఈక్యూలో ఎక్కడ రాజీపడాలి? డబ్ ఎకో (రెగేలో మాట వెనక పదేపదే మోగే ప్రతిధ్వని) ఎంత వేయాలి?

జవాబు 1:
రాజీ పడక్కర్లేదండీ. పాటలో ‘ప’ పేలితే తప్పు, బీట్‌బాక్స్‌లో ఆ పేలుడే కిక్. రెండింటికీ ఒకే ఈక్యూ కుదరదు. ఒకే మైకు ఇన్‌పుట్‌ని డెస్క్‌లో (మిక్సర్‌లో) రెండు ఛానెళ్లకి ప్యాచ్ చేయండి.

మొదటిది గొంతు: లో కట్ 120 హెర్ట్జ్ దగ్గర, 250 ప్రాంతంలో 3 డీబీ తగ్గించండి, కంప్రెషన్ (పెద్ద శబ్దాల్ని అణచడం) 3:1. రెండోది బీట్‌బాక్స్: లో కట్ 40 దగ్గరే ఆపండి, 60–80 మధ్య కొంచెం పెంచండి, కంప్రెషన్ 4:1, అటాక్ (ఆ అణచివేత మొదలవడానికి పట్టే సమయం) 20–30 మిల్లీసెకన్లు. అటాక్ అంతకంటే వేగంగా పెడితే పెదాల మీద పుట్టే ఆ మొదటి దెబ్బే నలిగిపోతుంది, ఇక మిగిలేది ఉత్త ఊపిరి. సబ్‌లని (లోతైన శబ్దాల స్పీకర్లని) ఆక్స్ (డెస్క్ నుంచి విడి అవుట్‌పుట్) మీద నడిపి, ఈ రెండింటిలో రెండో ఛానెల్‌ని మాత్రమే వాటికి పంపండి. బీట్‌బాక్స్ లేనప్పుడు ఆ ఛానెల్ మ్యూట్‌లో ఉండాలి. వేలు మ్యూట్ బటన్ మీద, కన్ను ఆయన మీద.

మానిటర్లకి మాత్రం మొదటి ఛానెలే పంపండి. రెండోది అక్కడికి వెళ్లిందా, కూత ఖాయం.

జవాబు 2:
పైన చెప్పింది సరైన పద్ధతే. ఎకో సంగతి నేను చెప్తాను. 60,000ని టెంపోతో (నిమిషానికి ఎన్ని బీట్లో) భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 75 టెంపోకి 800. దాని ముప్పావు 600, డబ్‌కి ఎక్కువగా నప్పేది ఇదే. రిటర్న్‌ని (తిరిగొచ్చే ఎకో శబ్దాన్ని) 250 హెర్ట్జ్ కింద, 4,000 పైన కోసేయండి. ఫీడ్‌బ్యాక్ (ఎకో మళ్లీ మళ్లీ తిరిగే మోతాదు) 50 శాతం దాటితే తర్వాతి మాటలు మునిగిపోతాయి. ఎకో ప్రతి మాటకీ కాదు, లైను చివరి మాటకే పంపాలి.

ఇంకో విషయం: చాలాకాలం ఆయన వెనక వాయించిన డబ్ ట్రియో, ఎకోలు పెడల్స్‌తో స్టేజి మీదే చేసే బ్యాండ్. అలాంటి వాళ్లున్నప్పుడు డెస్క్ నుంచి ఇంకో ఎకో కలిపితే బురదే. ముందే మాట్లాడుకోండి.

బాస్: వన్ డ్రాప్‌లో (రెగే డ్రమ్ తాళం) కిక్ మూడో బీట్ మీదే పడుతుంది కాబట్టి బాస్‌కి కావలసినంత చోటు దొరుకుతుంది. హిప్‌హాప్ భాగంలో ఒకటో బీట్ మీద రెండూ గుద్దుకుంటాయి. కిక్ పడ్డప్పుడు బాస్ 2–3 డీబీ తగ్గేలా సైడ్‌చెయిన్ పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఒడ్డున గాలి, తేమ? మైకు తలని చేత్తో మూసి పట్టుకుంటే?

జవాబు 3:
మూసి పట్టుకుంటే మైకు వెనక రంధ్రాలు మూసుకుపోతాయి. అప్పుడది ముందువైపే కాదు, అన్ని వైపుల నుంచీ వింటుంది. బీట్‌బాక్స్‌కి ఆ మూసిన గొంతే కావాలి కాబట్టి ఆయన్ని మానమనకండి. మానిటర్ గరిష్ఠ స్థాయిని సౌండ్ చెక్‌లోనే, చెయ్యి మూసి ఉంచి తేల్చుకోండి. ఆయన మైకుకి ఫోమ్ తొడగొద్దు, కిక్ చచ్చిపోతుంది. ఫోమ్ డ్రమ్ ఓవర్‌హెడ్లకి (డ్రమ్స్ పైన పెట్టే మైకులకి).

శనివారం అన్నారు కాబట్టి షబ్బత్ (యూదుల వారపు విశ్రాంతి దినం) సంగతి ముఖ్యం. హసిడిక్ (కఠిన ఆచారాల యూదు శాఖ) జీవితంలో ఉన్న రోజుల్లో మాటిస్యాహు శుక్రవారం రాత్రి షోలు చేసేవారు కాదు. షబ్బత్ పాటించే కళాకారుడైతే శుక్రవారం సూర్యాస్తమయానికి ముందు నుంచి శనివారం చీకటిపడే దాకా ఏ పనీ ఉండదు. జూన్‌లో టెల్ అవీవ్‌లో అది ముగిసేసరికి రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది. అంటే సౌండ్ చెక్ శుక్రవారం మధ్యాహ్నమే ముగించి, సీన్ (డెస్క్ సెట్టింగులన్నీ) సేవ్ చేయాలి.

ఇబ్బంది అక్కడే వస్తుంది. రిగ్ ఒక రాత్రి, ఒక పగలు ఉప్పుగాలిలో ఉండిపోతుంది. కండెన్సర్ మైకులు విప్పి మూత బిగుతుగా ఉండే పెట్టెలో సిలికా జెల్‌తో పెట్టండి. స్టేజి బాక్సు (మైకు కేబుళ్లన్నీ చేరే పెట్టె) సాకెట్లకి టేపు వేయండి. డెస్క్ మీద కవర్ కప్పండి, తడి అడుగుకి చేరకుండా కింద పలక పెట్టండి. షోకి ముందు ఒక్కో లైనూ కనెక్టర్ కదిపి వినండి. చిటపటలాడితే కేబుల్ మార్చేయండి, తుడుస్తూ కూర్చోవద్దు.

మధ్యాహ్నం ఈక్యూని రాత్రికి నమ్మొద్దు. పగలు గాలి సముద్రం నుంచి నేలమీదికి వీస్తుంది, రాత్రి తగ్గుతుంది, ఒక్కోసారి తిరగబడుతుంది. గాలికి ఎదురుగా వెళ్లే శబ్దం పైకి వంగుతుంది, వెనక వరుసల్లో పదును పోతుంది. దానికి 8,000 హెర్ట్జ్ దగ్గర పెంచితే ముందు వరుసల చెవులు నొప్పెడతాయి. 40 మీటర్ల దగ్గర డిలే స్పీకర్లు పెట్టండి: వాటి శబ్దాన్ని 117 మిల్లీసెకన్లు, పైన ఇంకో 10 ఆలస్యం చేయండి. రాత్రి తేమ పెరిగితే హై ఫ్రీక్వెన్సీలు ఇంకా బాగా ప్రయాణిస్తాయి. మధ్యాహ్నం హై పెంచి ఉంటే దాన్ని మొదటి పాటలోనే 2 డీబీ దించడానికి సిద్ధంగా ఉండండి.