షావుకారు జానకి: ఇది ఏ సమాసం?

షావుకారు జానకి, సాక్షి రంగారావు, శంకరాభరణం సోమయాజులు, అంకుశం రామిరెడ్డి. ఒక్క సినిమాతో జనం మనసులో పాతుకుపోయిన నటుల పేర్లు మన దగ్గర ఇలా తయారవుతాయి. వీటికి విగ్రహవాక్యం, అంటే సమాసాన్ని విడదీసి అర్థం చెప్పే వాక్యం, ఎలా చెప్పాలి? ‘సాక్షి యొక్క రంగారావు’ అంటే నవ్వొస్తుంది. ‘సాక్షి అనే పేరుగల రంగారావు’ అసలే కుదరదు. వ్యాకరణం తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

వ్యాఖ్య: మధ్యమపదలోపి అనండి, సరిపోతుంది. పెరుగన్నంలో ‘కలిపిన’ జారిపోయినట్టే ఇక్కడ ‘నటించిన’ జారిపోయింది. సాక్షిలో నటించిన రంగారావు.

నా జవాబు: బాగుందండీ. కానీ నటించినవాళ్లందరికీ ఆ పేరు అంటుకోలేదే! 1950 నాటి ‘షావుకారు’లో ఎన్టీఆర్ ఉన్నారు. అసలు షావుకారు చెంగయ్య వేషం గోవిందరాజుల సుబ్బారావు గారిది. జానకి వేసింది పక్కింటి అమ్మాయి సుబ్బులు. అయినా షావుకారు అన్న మాట ఆవిడకే దక్కింది. తమిళంలోకి వెళ్లినా వదల్లేదు, అక్కడ కూడా ఆవిడ సౌకార్ జానకే.

నాకు తోచింది ఇది. నటసామ్రాట్ లాంటివి బిరుదులు. ఇవి బిరుదులు కావు, ఆనవాళ్లు. 1967లో బాపు ‘సాక్షి’ వచ్చేనాటికి రంగారావు అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఎస్వీ రంగారావే. రెండో రంగారావు గురించి మాట్లాడాలంటే ముందు ఏదో ఒకటి తగిలించక తప్పదు. 1982లో ‘శుభలేఖ’ కుర్రాడు వచ్చేసరికి ఇంకో సుధాకర్ అప్పటికే ఉన్నాడు. ఇక ప్రసాదులకు కొదవా? ‘ఆహుతి’ ఒక ప్రసాద్‌ని మిగతావాళ్ల నుంచి విడదీసింది. పైగా మనకు ఇంటిపేరు ముందొస్తుంది కాబట్టి, సినిమా పేరు సరిగ్గా ఆ చోట్లోనే కూర్చుంది. రంగవఝల రంగారావు అంటే ఇప్పుడు ఎంతమంది పోల్చుకుంటారు?

వ్యాఖ్య: తమిళుల్లో మనలా ఇంటిపేర్లు లేవు. మరి అక్కడ సినిమా పేర్లు తగిలించుకున్న వెన్నిర ఆడై నిర్మల, నిళల్‌గళ్ రవి సంగతేమిటి?

నా జవాబు: వాళ్లకూ పొడి అక్షరాలు (ఇనీషియల్స్) ముందే వస్తాయి కదా. తండ్రి పేరుకో ఊరి పేరుకో గుర్తుగా ఉండే ఆ చోటు సినిమాకు వెళ్లింది. ముందు చోటే అసలు కీలకం అంటాను.

వ్యాఖ్య: మీ ఆనవాలు వాదం సోమయాజులు గారి దగ్గర నిలవదండీ. ఇంకొక సోమయాజులు ఎవరున్నారు, కలగాపులగం కావడానికి?

నా జవాబు: నిజమే, అక్కడ పనిచేసింది పాత్ర బరువు. ఆయన ‘శంకరాభరణం’ (1980) నాటికి ప్రభుత్వోద్యోగి, డిప్యూటీ కలెక్టరు. నాటకాల వాళ్లకు మాత్రం ‘కన్యాశుల్కం’ రామప్పపంతులుగా బాగా తెలుసు. తమ్ముడు రమణమూర్తి గిరీశం. అంత జిత్తులమారి పంతుల్ని ఆడించిన మనిషే శంకరశాస్త్రి అంటే సినిమా ఒక్కటే చూసినవాళ్లు నమ్మరు. మరుసటేడు బాపు ‘త్యాగయ్య’లో ఆయనే త్యాగరాజు. అయినా ‘త్యాగయ్య సోమయాజులు’ అన్నవాళ్లు లేరు. ఇంకో విచిత్రం, ‘శంకరశాస్త్రి సోమయాజులు’ అని కూడా ఎవరూ అనలేదు. అంటుకున్నది పాత్ర పేరు కాదు, సినిమా పేరు. అందుకే అదే సినిమాలో చేసిన రాజ్యలక్ష్మి, తులసి కూడా ఆ పేరు పంచుకోగలిగారు. రంగస్థలం మీదా ఇదే పద్ధతి, ‘రక్తకన్నీరు’ నాగభూషణం అని నాటకం పేరుతోనే పిలిచారు.

వ్యాఖ్య: బొమ్మాళి రవిశంకర్‌ని మర్చిపోయారు.

నా జవాబు: మర్చిపోలేదు, దాచుకున్నాను! ‘అరుంధతి’ (2009)లో తెర మీద పశుపతి సోనూ సూద్. ‘వదల బొమ్మాళీ’ అన్న గొంతు రవిశంకర్‌ది. పేరు మొహాన్ని వదిలేసి గొంతుకు వెళ్లింది. పైగా బొమ్మాళి అన్నది సినిమా పేరూ కాదు, అతని పాత్ర పేరూ కాదు. ఆ పాత్ర హీరోయిన్‌ని పిలిచిన పిలుపు! ఇక్కడ మధ్యలో లోపించింది ఒక పదం కాదు, ఓ పెద్ద వాక్యం. (ఆహుతి, అంకుశం, అరుంధతి మూడూ కోడి రామకృష్ణవే. మూడూ అ, ఆలతోనే మొదలు. కాకతాళీయమే అనుకోండి, కానీ సరదాగా ఉంది.)

వ్యాఖ్య: దిల్ రాజు? సిరివెన్నెల సీతారామశాస్త్రి? వాళ్ల పేర్లు నటించి తెచ్చుకున్నవి కావుగా.

నా జవాబు: ‘దిల్ తీసిన’ రాజు, ‘సిరివెన్నెలకు పాటలు రాసిన’ శాస్త్రి. సమాసం అదే, జారిపోయే పదం మారుతుంది.

వ్యాఖ్య: కళ్ళు చిదంబరం గారి పేరు ఆయన మెల్లకన్ను చూసి పెట్టారని మా ఆఫీసులో సగం మంది అనుకుంటారు.

నా జవాబు: చాలామందిది అదే భ్రమ. 1988లో వచ్చిన ‘కళ్ళు’ సినిమా వల్ల వచ్చిన పేరది, అందులో ఆయన గుడ్డి బిచ్చగాడు. పరీక్షలో ఎవరైనా ‘కళ్ళు గల చిదంబరం’ అని విగ్రహం రాస్తే మాత్రం మార్కులు గోవిందా.