ఊరికే వచ్చిన పేరుకు కాంటనీస్‌లో ఏమంటారు?

ప్రశ్న: మన ‘పేరు గొప్ప ఊరు దిబ్బ’కు దగ్గరగా కాంటనీస్‌లో ‘లొంగ్ తక్ హోయ్ మింగ్’ ఉందని ఒక డిక్షనరీలో చూశాను. హాంకాంగ్‌లో మామూలు మాటల్లో వాడతారా, లేక పుస్తకాలకే పరిమితమా?

జవాబు: వాడతారండీ. తమాషా ఏమిటంటే, నేను విన్నంతలో తిట్టడానికన్నా మెచ్చుకోవడానికే ఎక్కువ.

విడదీస్తే తెలుస్తుంది. ‘లొంగ్’ అంటే అల. ఇక్కడ మాత్రం అలతో పనిలేదు, ‘ఊరికే, వృథాగా’ అని అర్థం. దుబారాను ‘లొంగ్ ఫై’ అంటారు, అదే లొంగ్. ‘తక్’ పొందడం, ‘హోయ్’ డొల్ల, ‘మింగ్’ పేరు. చైనా అధికార భాష మాండరిన్‌లోనూ ఇవే నాలుగు అక్షరాలు, పలకడం వేరు.

పేరుమోసిన హోటల్లో పెద్దబాతు రోస్ట్ తిన్నారు, నిజంగానే బాగుంది. అప్పుడు ముందు ‘మ్ హై’ (కాదు) చేర్చి ఈ మాట అంటారు. ‘ఆ పేరు ఊరికే రాలేదు’ అన్నమాట! ‘పేరు గొప్ప ఊరు దిబ్బ కాదు’ అని మనం ఎవరినీ పొగడం కదా. అందుకే ఆ సామెత కన్నా ‘ఊరికే వచ్చిన పేరు’ అన్నదే దీనికి సరిపోతుందని నా అభిప్రాయం.

అదే హోటల్లో గంటసేపు క్యూలో నిలబడ్డాక తిండి చప్పగా ఉంటే? ‘చుంగ్ ఫుక్’. మాటు వేసిన చోట చిక్కుకోవడం. వెనకటి పేరుతో బండి లాగిస్తున్నవాళ్లను ‘సిక్ లోవ్ పున్’ అంటారు, అంటే పాత పెట్టుబడి తినడం. మాటలు కోటలు దాటి, పని మాత్రం గడప దాటనివాడు ‘తక్ పా హౌ’. వాడికి ఉన్నదల్లా నోరే.

ఇంకో ప్రశ్న: మరి చేయని తప్పుకు వచ్చే చెడ్డపేరు? మన నీలాపనింద లాంటిది?

జవాబు: ‘సిక్ సెయ్ మావ్’, చచ్చిన పిల్లిని తినడం. ఎవరో చేసిన పనికి మనం నింద మోస్తే ఇలా అంటారు. ఆఫీసు కబుర్లలో బాగా వినిపిస్తుంది. మనం చీవాట్లు, దెబ్బలు తిన్నట్టే వాళ్లు పిల్లిని తింటారు. పైన పాత పెట్టుబడిలోనూ ఈ ‘సిక్’ ఉంది చూడండి. తినడానికి కాంటనీస్‌లో రోజువారీ క్రియ ఇదే. మాండరిన్ మాట్లాడేవాళ్లు వేరే క్రియ వాడతారు.