స్విచ్ ఫ్యాన్లు మార్చినంక లొల్లి తగ్గకపోగా ఇంకా పెరిగింది, ఆరెంజ్ లైట్ కూడా వస్తోంది

ఓరుగల్లు_రాక్:

నమస్తే అందరికీ. మాది హన్మకొండ, నయీంనగర్ సైడు. రెండేళ్ల నుంచి ఇంటి నుంచే పని చేస్తున్నా కాబట్టి మెట్ల కింద సందులో 12యూ రాక్ (సర్వర్లు, స్విచ్‌లు పెట్టే ఇనుప చట్రం, 'యూ' అంటే దాని ఎత్తు కొలత) ఒకటి గోడకు బిగించుకున్నా. అందులో ఒక 24 పోర్టుల పీఓఈ నెట్‌వర్క్ స్విచ్ (నెట్ కేబుల్ మీదనే కెమెరాలకు కరెంటు కూడా ఇచ్చేది) ఉంది, హైదరాబాద్‌లో ఒక ఆఫీసు ఖాళీ చేస్తుంటే చవకగా దొరికింది. దాని కింద ఒక పాత 2యూ సర్వర్, అడుగున యూపీఎస్. స్విచ్ మీద ఆరు కెమెరాలు, రెండు వైఫై యాక్సెస్ పాయింట్లు నడుస్తున్నాయి.

సమస్య మోత. పగలు పర్వాలేదు, రాత్రి పది దాటితే ఆ 'కీ...' అనే శబ్దం తలుపు వేసినా వినిపిస్తుంది. మా అమ్మ ఊరి నుంచి వచ్చిన రోజే "ఏందిరా గిది, ఇంట్ల పిండిగిర్ని పెట్టినవా" అన్నది. మా ఆవిడైతే ఒక రాత్రి రాక్ మీద దుప్పటి కప్పేసింది, పొద్దున నేను చూసేసరికి సర్వర్ దానంతటదే ఆఫ్ అయి ఉంది.

సరే అని స్విచ్ విప్పితే వెనక మూడు చిన్న ఫ్యాన్లు, 40 మి.మీ. సైజువి. కోఠి పోయినప్పుడు గుజరాతీ గల్లీలో 40 మి.మీ. ఫ్యాన్లు రెండు తెచ్చి మార్చా, మూడోది స్టాక్ లేదన్నారు. ఆన్ చేసిన నిమిషంలో ముందు ఆరెంజ్ లైట్ వచ్చింది, మార్చకుండా వదిలేసిన ఆ ఒక్క పాత ఫ్యాను విమానం లేచినట్టు ఫుల్ స్పీడ్ అందుకుంది, ఇక తగ్గడం లేదు. ముందుకన్నా ఎక్కువ మోత. సైజు అదే, 12 వోల్టులు అదే. నేనేం తప్పు చేశాను? సర్వర్ ఫ్యాన్లు కూడా మార్చాలనుకుంటున్నా, అందుకే ఆగి అడుగుతున్నా.

సోల్డర్_మామ:

తమ్మీ, ఒక్క ప్రశ్న. పాత ఫ్యానుకు వైర్లు ఎన్ని, కొత్తదానికి ఎన్ని?

ఓరుగల్లు_రాక్:

పాతదానికి మూడు అన్నా, ఎరుపు నలుపు పసుపు. కొత్తదానికి రెండే. ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు కలిపి పసుపు వైరుకు టేపు చుట్టి వదిలేశా.

సోల్డర్_మామ:

అనుకున్నా. ఆ పసుపుదే కథంతా. దాన్ని ట్యాకో వైరు అంటారు, ఫ్యాను ఒక చుట్టు తిరిగితే దాని మీద రెండు పల్స్‌లు పోతాయి, స్విచ్ వాటిని లెక్కబెట్టి ఎంత స్పీడులో ఉందో తెలుసుకుంటుంది. నువ్వు టేపు చుట్టావు కాబట్టి దాని లెక్కలో రెండు ఫ్యాన్లు చచ్చిపోయాయి. మిగిలిన ఒక్కదాని మీద భారమంతా వేసి ఫుల్‌గా తిప్పుతోంది, పాపం దాని పని అది చేస్తోంది. స్విచ్ చెడిపోలేదు, టెన్షన్ పడకు.

ఇంకో సంగతి, 40 మి.మీ. అంటే అన్నీ ఒకటి కాదు. మందం చూడాలి. 10, 20, 28 మి.మీ. మందంలో వస్తాయి. నీ స్విచ్ లాంటి 1యూ పెట్టెలో గాలి ముందు నుంచి వెనక్కి ఇరుకు దారిలో పోవాలి, దానికి ఒత్తిడి కావాలి, సన్నటి 10 మి.మీ. ఫ్యాను ఖాళీగా చేతిలో పట్టుకుంటే బాగానే ఊదుతుంది కానీ హీట్‌సింక్‌ల మధ్యకు వచ్చేసరికి ఊపిరి ఆడదు. నువ్వు తెచ్చింది సన్నదే అయి ఉంటుంది, రెండు వైర్లవి ఎక్కువగా అవే, పైగా మామూలు స్లీవ్ బేరింగ్‌వి. అలాంటివి వేడిలో తిప్పితే కొన్నాళ్లకే గరగర మొదలవుతుంది.

మూడు వైర్లవి, 20 మి.మీ. మందంవి మూడు కొనుక్కో, రెండు కాదు. నాక్టువా ఎన్‌ఎఫ్-ఏ4x20 ఎఫ్‌ఎల్‌ఎక్స్ అని ఒకటుంది, 5000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు), కంపెనీ చెప్పే లెక్క 14.9 డెసిబెల్స్, గంటకు 9.4 ఘనపు మీటర్ల గాలి. ధర కొంచెం గుండె పట్టుకునేలా ఉంటుంది. దాంతో స్పీడు తగ్గించే అడాప్టర్ వైర్లు కూడా వస్తాయి, స్విచ్‌కు వాటిని వాడకు, ఉత్తగా స్పీడు తగ్గి మళ్లీ ఆరెంజ్ లైటే వస్తుంది.

బిగించే ముందు మల్టీమీటరుతో పిన్నులు చూసుకో. నల్ల ప్రోబు స్విచ్ బాడీకి పెట్టి, ఆన్‌లో ఉన్నప్పుడు ఏ పిన్ను 12 వోల్టులు చూపిస్తుందో రాసుకో. పీసీ ఫ్యాన్లలో వరస గ్రౌండు, 12 వోల్టులు, ట్యాకో. స్విచ్‌లలో ఆ వరస అన్నింటికీ ఒకటే ఉండదు, ప్లగ్గు చక్కగా ఎక్కుతుంది కానీ ఫ్యాను తిరగదు. అప్పుడు గుండుసూదితో ప్లాస్టిక్ నాలుకను లేపి వైరును బయటకు లాగి ప్లగ్గులోనే వేరే గడిలో పెట్టుకోవచ్చు, కత్తిరించే పనే ఉండదు. ఫ్యాను ఒంటి మీద గాలి పోయే బాణం గుర్తు ఉంటుంది, పాతదాని దిక్కే పెట్టు. ఇది చెప్పాల్సినంత విషయమా అనుకోకు, నేనే ఒకసారి మూడింట్లో ఒకటి తిప్పి పెట్టి రెండు రోజులు వేడి ఎక్కడిదో తెలియక తల గోక్కున్నా.

స్విచ్ లోపలి పవర్ సప్లైకి విడిగా ఫ్యాను ఉంటే మాత్రం దాని జోలికి పోకు. 230 వోల్టుల కరెంటు అక్కడ డీసీగా మారి 325 వోల్టుల పైన కెపాసిటర్‌లో కూర్చుంటుంది, ప్లగ్గు పీకినా కాసేపు అక్కడే ఉంటుంది.

ఎండకాలం_బాధితుడు:

పైన అన్న చెప్పిందంతా కరెక్టే కానీ అందరూ మోత గురించే మాట్లాడుతున్నారు, వేడి లెక్క ఎవరూ వేయలేదు. మాది మంచిర్యాల, మేలో 44, 45 మాకు మామూలే, మీకూ అంతే. కంపెనీ వాడు ఆ పెద్ద ఫ్యాన్లు మనల్ని ఏడిపించడానికి పెట్టలేదు.

ఉజ్జాయింపు లెక్క ఒకటుంది. వాట్లను 3తో హెచ్చించి, గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి పోతుందో దాంతో భాగిస్తే, లోపలికి వచ్చే గాలికన్నా బయటికి పోయే గాలి ఎన్ని డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుందో వస్తుంది. ఆ నాక్టువా ఫ్యాన్లు మూడు కలిపితే గంటకు 28 ఘనపు మీటర్లు, పెట్టెలో బిగిస్తే అందులో సగమే వస్తుందనుకుందాం, 14. స్విచ్ ఎన్ని వాట్లు తింటోంది?

ఓరుగల్లు_రాక్:

యూపీఎస్ డిస్‌ప్లేలో స్విచ్ ఒక్కటీ పెట్టి చూస్తే 62 వాట్లు.

ఎండకాలం_బాధితుడు:

62 ఇంటు 3 బై 14, అంటే 13 డిగ్రీలు. మెట్ల కింద మధ్యాహ్నం 40 ఉందనుకో, లోపల గాలే 53. దాని పైన చిప్పు ఇంకెంత వేడిగా ఉంటుందో ఊహించుకో. నేనైతే మార్చను, రాక్‌నే వేరే చోటికి మారుస్తా.

కేబుల్_గిరి:

అన్నా, లెక్కలో ఒక పొరపాటు ఉంది, ఏమనుకోకండి. అది పీఓఈ స్విచ్ కదా. 62 వాట్లూ స్విచ్‌లో వేడిగా మారవు. కెమెరాలు, యాక్సెస్ పాయింట్లు తినే కరెంటు కేబుల్ వెంట పోయి అక్కడ, గోడ మీద వేడి అవుతుంది. పెట్టెలో మిగిలేది స్విచ్ సొంత వాడకం, పవర్ సప్లై నష్టం మాత్రమే. స్విచ్ సెట్టింగ్స్ పేజీలో పీఓఈ మొత్తం ఎంత పోతోందో చూపిస్తుంది, బ్రదర్ అది చూసి చెప్తే సరిపోతుంది.

ఓరుగల్లు_రాక్:

చూశా. పీఓఈ 31 వాట్లు చూపిస్తోంది. అంటే సరిగ్గా సగం బయటికే పోతోందన్నమాట, ఇది నాకు తట్టనే లేదు.

ఎండకాలం_బాధితుడు:

ఒప్పుకుంటున్నా, కేబుల్ తమ్ముడిదే రైటు. 31 ఇంటు 3 బై 14 అంటే ఏడు డిగ్రీల లోపే. అది ఫర్వాలేదు. కానీ రేపు ఇంకో పది కెమెరాలు తగిలిస్తే పవర్ సప్లై నష్టం కూడా పెరుగుతుంది, అప్పుడు మళ్లీ చూసుకోవాలి. ఎండకాలం వస్తే రాక్ ముందు గ్లాస్ డోర్ తీసెయ్. కొందరు కూలర్ తెచ్చి రాక్ ఎదురుగా పెడతారు, ఆ పని మాత్రం చేయకు, బోరు నీళ్ల కూలరైతే తేమతో పాటు ఉప్పు కూడా వచ్చి బోర్డుల మీద తెల్లగా పేరుకుంటుంది. మా కజిన్ షాపులో కళ్లారా చూశా.

సోల్డర్_మామ:

లెక్క బాగుంది. మోత లెక్క కూడా చెప్తా, అది కూడా ఇట్లాగే ఆశ్చర్యంగా ఉంటుంది. ఒకే ఫ్యాను స్పీడును సగం చేస్తే గాలి సగమే తగ్గుతుంది, మోత మాత్రం దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది. కానీ ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోతుంది, అక్కడే జాగ్రత్త. ఇంకోటి, మన చెవికి తగిలేది ఎంత గట్టిగా ఉందని మాత్రమే కాదు, ఎంత సన్నగా ఉందని కూడా. అయిదు రెక్కల ఫ్యాను నిమిషానికి 10,000 చుట్లు తిరిగితే సెకనుకు 800 పైచిలుకు సార్లు గాలిని కొడుతుంది, అదే నీ 'కీ...'. రాక్ పైన పెట్టే 120 మి.మీ. ఫ్యాను 1000 ఆర్‌పీఎంలో 'హుం...' అంటుంది, దాని కింద హాయిగా నిద్రపోవచ్చు. రాక్ మూత మీద అలాంటిది ఒకటి వేడి గాలిని పైకి లాగేలా పెట్టు, లోపలి చిన్నవాటి పని తేలికవుతుంది.

సాంచెల_ఊరోణ్ని:

సిరిసిల్ల నుంచి చదువుతున్నా. సాంచెల (మరమగ్గాల) మధ్య పుట్టి పెరిగినోళ్లం, మీరు చెప్పే మోత మాకు లాలిపాట. జోకు పక్కన పెడితే, దుమ్ము గురించి ఎవరూ చెప్పలేదు. ఇక్కడ నూలు పీచు గాలిలోనే ఉంటుంది, ఆరు నెలలకు ఫ్యాను రెక్కల మీద చిన్న దుప్పటి నేసినట్టు పట్టేస్తుంది. రెక్క బరువు తేడా వస్తే వణుకు, వణికితే రాక్ రేకు కూడా కలిసి మోగుతుంది. కొత్తవి కొనే ముందు ఉన్నవి తుడిచి చూడండి, ఒక్కోసారి సగం మోత అక్కడే పోతుంది. బ్లోయర్‌తో ఊదేటప్పుడు రెక్కను వేలితో పట్టుకోండి, వదిలేస్తే పిచ్చి స్పీడులో తిరిగి బేరింగ్ పోతుంది. స్క్రూల బదులు రబ్బరు పిన్నులతో బిగిస్తే వణుకు పెట్టెకు ఎక్కదు.

కేబుల్_గిరి:

దుమ్ము అంటే గుర్తొచ్చింది. ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక కమీషన్ కొట్టులో కెమెరాల పని చేశా, మిర్చి సీజను. డీవీఆర్ (కెమెరాల రికార్డింగ్ పెట్టె) మూత తీశానో లేదో తుమ్ములే తుమ్ములు, కళ్లల్లో నీళ్లు, ఓనరు నవ్వుతున్నాడు. ఫ్యాను ఎర్రగా అయిపోయింది. అప్పటి నుంచి ఆ ఏరియాకి పోతే ఎండకాలమైనా మాస్కు పెట్టుకునే పని.

సర్వర్ ఫ్యాన్ల సంగతి అడిగావు కదా బ్రదర్, అవి మార్చకు. 2యూలో ఉండేవి 60 మి.మీ.వి, కనెక్టర్లు ఆ కంపెనీవే, బయటివి కూర్చోవు, కూర్చోబెట్టినా బోర్డు వాటిని నమ్మదు. మార్చాల్సింది వస్తువును కాదు, సెట్టింగును. ఏ కంపెనీ సర్వర్?

ఓరుగల్లు_రాక్:

డెల్ ఆర్720. దాంట్లో ఎక్స్‌ట్రాగా ఒక 10 గిగాబిట్ నెట్‌వర్క్ కార్డు పెట్టా, అప్పటి నుంచే మోత పెరిగినట్టు అనుమానం.

కేబుల్_గిరి:

అనుమానం కాదు, అదే. డెల్‌ది కాని కార్డు కనబడితే ఆ సర్వర్ దాని వేడి ఎంతో తెలియక ముందుజాగ్రత్తగా ఫ్యాన్లు పెంచేస్తుంది. నీది 12వ జనరేషన్, కాబట్టి ఐపీఎంఐటూల్ అనే కమాండ్ ప్రోగ్రాంతో ఆటోమేటిక్ కంట్రోల్ ఆపేసి ఫ్యాన్లను నీ ఇష్టమొచ్చిన శాతానికి పెట్టుకోవచ్చు. ఆ తర్వాత వచ్చిన ఐడ్రాక్9 (డెల్ సర్వర్ లోపలి కంట్రోల్ చిప్పు) కొత్త ఫర్మ్‌వేర్లలో ఈ దారి మూసేశారు. 20 శాతంతో మొదలుపెట్టు, ప్రాసెసర్ టెంపరేచర్ చూస్తూ ఉండు. ఒకటి మర్చిపోకు, ఆటో ఆపేశాక వేడి పెరిగినా ఫ్యాను దానంతటది పెరగదు, కాబట్టి టెంపరేచర్ ఒక హద్దు దాటితే మళ్లీ ఆటోకు మార్చే చిన్న స్క్రిప్టు నిమిషానికోసారి నడిచేలా పెట్టాకే రాత్రి పడుకో. దుప్పటి కథ మళ్లీ రావొద్దు.

ఓరుగల్లు_రాక్:

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నా, లేటుకు సారీ, ఫ్యాన్లు ఆన్‌లైన్‌లో రావడానికి టైం పట్టింది.

మూడూ మార్చా. సోల్డర్ అన్న చెప్పినట్టే పిన్నుల వరస తేడా, మొదట పెట్టినప్పుడు ఒక్కటీ తిరగలేదు, మీటరుతో చూస్తే 12 వోల్టులు చివరి పిన్ను మీద ఉన్నాయి. గుండుసూదితో వైర్లు అటూ ఇటూ మార్చా, ఒక ప్లాస్టిక్ నాలుక విరిగింది, అక్కడ చిన్న చుక్క గ్లూ పెట్టా. ఆరెంజ్ లైట్ పోయింది. ఫోన్ యాప్‌లో రాక్ నుంచి మీటరు దూరంలో ముందు 54 డెసిబెల్స్ చూపించేది, ఇప్పుడు 39, యాప్ అంకెలను నమ్మలేమని తెలుసు కానీ తేడా చెవికే తెలుస్తోంది. స్విచ్ టెంపరేచర్ ముందుకన్నా ఆరు డిగ్రీలు పెరిగి 51 దగ్గర నిలబడింది, కెమెరాలన్నీ ఆన్‌లోనే ఉన్నాయి.

సర్వర్ 20 శాతంలో ఉంది, స్క్రిప్టు పెట్టా, కావాలని లోడు ఇచ్చి చూస్తే 70 దగ్గర ఆటోకు మారి మళ్లీ కిందికి వచ్చింది. ఇప్పుడు రాత్రి వినిపించేది యూపీఎస్ గుయ్యిమనడం ఒక్కటే, అది ఇన్నాళ్లూ ఉందని కూడా నాకు తెలియదు.

ఎండకాలం_బాధితుడు:

జనవరిలో 51 అంటే మేలో ఎంతో చూడాలి. ఎండలు ముదిరాక ఒకసారి రీడింగ్ పెట్టు.

ఓరుగల్లు_రాక్:

తప్పకుండా అన్నా. అందుకే పాత ఫ్యాన్లు పారేయలేదు, డబ్బాలో వేసి 'మే' అని రాసి రాక్ పైనే పెట్టా. రెండు వైర్ల కోఠి ఫ్యాన్లు మాత్రం పిల్లాడు సైన్స్ ప్రాజెక్టుకు పట్టుకుపోయాడు.