రేడియం కటింగ్, ఫ్లెక్స్ పనికి ఇంక్‌స్కేప్ సరిపోతుందా, కోరెల్‌డ్రా ఉండాల్సిందేనా?

కొత్త_షట్టర్:
తిరుపతిలో చిన్న షాపు. పనులు ఇవీ: ఆటోలకు, బైకులకు రేడియం స్టిక్కర్ కటింగ్ (24 అంగుళాల ప్లాటర్, అంటే కత్తితో స్టిక్కర్ షీటు కోసే మెషీను), లాడ్జీలకు తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఉండే బోర్డులు, జాతరకీ బ్రహ్మోత్సవాలకీ ఫ్లెక్సులు (డిజైన్ మాది, ప్రింటు బయట ప్రెస్సులో), అప్పుడప్పుడు పెళ్లి పత్రికలు. పనివాళ్లందరి చేతికీ కోరెల్ (డబ్బు కట్టి కొనే డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరెల్‌డ్రా) అలవాటు. పాత సీడీఆర్ (కోరెల్) ఫైళ్లు రెండు మూడు వందలున్నాయి, చాలావాటిలో తెలుగు "అను" అనే పాత తరహా ఫాంట్లలోనే ఉంది. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌కి మారితే లైసెన్సు ఖర్చు తప్పుతుంది కదా అని ఆలోచన. రోజువారీ పనిలో ఎక్కడ ఇబ్బంది పడతామో తెలిసినవాళ్లు చెప్పండన్నా. "రెండూ మంచివే" అని మాత్రం చెప్పొద్దు.

వత్తుకింద_గీత:
కటింగ్ వరకైతే ఇంక్‌స్కేప్ చాలు. తెలుగు అక్షరంతో వచ్చే తంటా మాత్రం రెండింట్లోనూ ఒకటే, ముందు అది చెబుతా.

"శ్రీ" టైపు చేసి చూడండి. తెర మీద నిండు నలుపులో అంతా ఒకే ముద్దగా కనిపిస్తుంది. ఇప్పుడు కోరెల్‌లో వ్యూ మెనూలో వైర్‌ఫ్రేమ్, ఇంక్‌స్కేప్‌లో డిస్‌ప్లే మోడ్‌లో అవుట్‌లైన్ పెట్టండి. చాలా ఫాంట్లలో రవత్తు గీత శకారం గీతను దాటుకుంటూ పోవడం కనబడుతుంది. ప్లాటర్‌కి నలుపు తెలియదు, గీతే తెలుసు. ఆ దాటిన చోట రెండు గీతలనూ కత్తి కోస్తుంది. తర్వాత పీకేటప్పుడు సందులో ఉన్న చిన్న ముక్క అక్షరంతో రాదు, టేపుకి అంటుకుని పోతుంది. బండి మీద అతికించాక శ్రీకి నడుం దగ్గర తెల్ల గాటు.

కోరెల్‌లో: కంట్రోల్+క్యూ కొట్టి అక్షరాలను కర్వ్‌లు (అంటే గీతలు) చేయండి, కంట్రోల్+కే తో విడగొట్టండి, లోపలి సున్నాలు తప్ప మిగతావన్నీ సెలెక్ట్ చేసి వెల్డ్ (ఒకే ఆకారంగా కలపడం). విడగొట్టినప్పుడు లోపలి సున్నాలు కూడా విడిపోతాయి, వాటిని వెల్డ్‌లో కలపకండి, వదిలేసి, చివర్లో వాటితో అక్షరాన్ని ట్రిమ్ చేయండి (ఆ మేర కోసి తీసేయడం). వెల్డ్ బదులు కంబైన్ నొక్కారో, రెండు గీతలు కలిసిన చోట రంధ్రం పడుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే.

ఇంక్‌స్కేప్‌లో: కంట్రోల్+షిఫ్ట్+సీ తో పాత్ (అంటే గీతలు) చేయండి, కంట్రోల్+షిఫ్ట్+జీ తో గ్రూపు విప్పండి, అన్నీ సెలెక్ట్ చేసి కంట్రోల్, ప్లస్ నొక్కితే యూనియన్ (కోరెల్ వెల్డ్ లాంటిదే). లోపలి సున్నాలు వాటంతటవే నిలుస్తాయి. ఒక్క అక్షరమే తన గీతను తాను దాటినా ఇదే యూనియన్ సరిచేస్తుంది. ఈ ఒక్క పనిలో నా ఓటు ఇంక్‌స్కేప్‌కే.

మూడు భాషల బోర్డులకీ ఇంక్‌స్కేప్ చాలు. యూనికోడ్‌లో (అన్ని భాషలకూ ఉమ్మడి అక్షర సంకేతాలు) తెలుగు పక్కనే తమిళం, కన్నడం టైపు చేసుకోవచ్చు, వత్తులు సరిగ్గా కూర్చుంటాయి. కోరెల్‌లో ఈ సౌకర్యం ఎక్స్6 నుంచి ఉంది. అంతకన్నా పాతది వాడుతుంటే యూనికోడ్ తెలుగు చెదిరిపోతుంది, అందుకే మనవాళ్లు అను వదల్లేదు. బోర్డుకి లావు అక్షరం కావాలంటే రామభద్ర, కాస్త అలంకారంగా కావాలంటే ధూర్జటి (శ్రీకాళహస్తి కవి పేరే), రెండూ ఉచితం, వ్యాపారానికీ వాడుకోవచ్చు. రేడియంకి మాత్రం సన్న గీతల ఫాంటు వద్దు. అక్షరం ఎత్తు 20 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే వత్తుల లోపలి సున్నాలు పీకడానికే అరగంట పడుతుంది.

నాలుగు_ప్లేట్లు:
పైన చెప్పింది కటింగ్ సంగతి. ప్రెస్సుకి వెళ్లే పని వేరు, అక్కడ ఇంక్‌స్కేప్‌తో జాగ్రత్త.

ఇంక్‌స్కేప్ ఇచ్చే పీడీఎఫ్ ఆర్‌జీబీలోనే (తెర రంగుల పద్ధతి) ఉంటుంది. మీరు నలుపు అనుకున్నది ప్రెస్సులో సీఎంవైకేకి (ప్రింటు ఇంకుల పద్ధతి) మారేటప్పుడు నాలుగు ఇంకుల నలుపు అవుతుంది. ఫ్లెక్సులో అది పెద్దగా తెలియదు. ఆఫ్‌సెట్‌లో (ఒక్కో ఇంకుకీ ఒక్కో ప్లేటు ఉండే ప్రింటింగ్) పెళ్లి పత్రిక వేస్తే, 9 పాయింట్ల అక్షరం నాలుగు ప్లేట్ల మీద పడి, ఒక ప్లేటు వెంట్రుకంత జరిగినా అక్షరాల అంచున ఎర్రగానో నీలంగానో నీడ కనబడుతుంది. కోరెల్‌లో అయితే నలుపుని కే (నల్ల ఇంకు) 100, మిగతా మూడూ 0 అని పెట్టి, అలాగే పీడీఎఫ్ ఇవ్వొచ్చు.

ఇంక్‌స్కేప్‌తోనే నడపాలంటే దారి ఉంది: అక్షరాలన్నీ పాత్ చేసి ఎస్‌వీజీ (ఇంక్‌స్కేప్ ఫైలు) సేవ్ చేయండి, స్క్రైబస్ అనే పేజీ డిజైన్ ప్రోగ్రాంలోకి ఇంపోర్ట్ చేయండి, ఎడిట్ మెనూలో కలర్స్ తెరిచి నలుపుని 0, 0, 0, 100 చేయండి, పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్‌లో అవుట్‌పుట్ ప్రింటర్‌కి అని ఎంచుకోండి. స్క్రైబస్ కూడా ఉచితమే. బంగారు రంగు స్క్రీన్ ప్రింటింగ్ పత్రికలకు ఇదంతా అక్కర్లేదు. ఫిల్మ్ మీద పడేది ఒక్క నలుపే, ఏ ప్రోగ్రాం అయినా ఒకటే.

ఫ్లెక్సు కొలత: 10 అడుగులు × 6 అడుగులు అంటే 120 × 72 అంగుళాలు. 72 డీపీఐలో (అంగుళానికి 72 చుక్కలు) 8640 × 5184 పిక్సెళ్లు, ఫ్లెక్సుకి అది చాలు. పదో వంతు సైజులో, అంటే 12 × 7.2 అంగుళాల పేజీలో గీసి 720 డీపీఐలో ఎక్స్‌పోర్ట్ చేసినా అవే పిక్సెళ్లు వస్తాయి, మెషీను కూడా ఊపిరి పీల్చుకుంటుంది. ఫైలు పేరులోనే "10 బై 6, పదో వంతు" అని రాయండి, లేకపోతే ప్రెస్సువాళ్లు అడుగు ఫ్లెక్సు తీసి చేతిలో పెడతారు. 20 అడుగుల బ్యానర్‌ని అసలు సైజులో పీడీఎఫ్ చేయకండి. 200 అంగుళాలు దాటిన పేజీని కొన్ని సాఫ్ట్‌వేర్లు సరిగ్గా తెరవవు.

ఇంకొకటి. ఇంక్‌స్కేప్ పీఎన్‌జీలో బ్యాక్‌గ్రౌండ్ పారదర్శకంగా ఉంటుంది, ప్రెస్సు సాఫ్ట్‌వేర్‌లో అది నల్లగా పడొచ్చు. వెనక పేజీ నిండా ఒక తెల్ల దీర్ఘచతురస్రం గీసి పంపండి. ఫొటోలు లింక్ కాకుండా ఎంబెడ్ చేయండి, లేదంటే ఫైలు పెన్‌డ్రైవ్‌లో వెళ్తుంది, ఫొటో మీ కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది.

కొత్త_షట్టర్:
బాగా అర్థమైంది. మరి ఆ పాత సీడీఆర్ ఫైళ్ల మాట? ఇంక్‌స్కేప్‌లో ఒకటి తెరిస్తే బొమ్మ వచ్చింది గానీ తెలుగు ఉన్న చోటంతా ఏదో పిచ్చి ఇంగ్లీషు.

వత్తుకింద_గీత:
అది ఇంక్‌స్కేప్ తప్పు కాదు. అను ఫాంట్లలో తెలుగు లోపల ఇంగ్లీషు గుర్తుల స్థానాల్లోనే దాగి ఉంటుంది. ఆ ఫాంటు తొడిగితేనే తెలుగులా కనిపిస్తుంది, తీసేస్తే అసలు రూపం బయటపడుతుంది. కోరెల్ ఉన్న కంప్యూటర్ ఒక్కటి ఉంచుకోండి. మళ్లీ మళ్లీ వచ్చే డిజైన్లు మాత్రమే తెరిచి, కంట్రోల్+ఏ, కంట్రోల్+క్యూ కొట్టి, పీడీఎఫ్‌గా దాచండి. ఆ పీడీఎఫ్‌ని ఇంక్‌స్కేప్ చక్కగా తెరుస్తుంది. పేర్లు మార్చాల్సిన చోట మాత్రం యూనికోడ్‌లో కొత్తగా టైపు చేయాల్సిందే. మూడు వందలూ మార్చే పని పెట్టుకోవద్దు.

బ్లేడు_45డిగ్రీలు:
పనివాళ్ల చేతి అలవాటు గురించి ఎవరూ చెప్పలేదు. అసలు నష్టం అక్కడే జరుగుతుంది. కోరెల్‌లో కంట్రోల్+ఎల్ అంటే కంబైన్. ఇంక్‌స్కేప్‌లో అదే మీట సింప్లిఫై, నొక్కిన కొద్దీ అక్షరాల మూలలు ఎండకి పెట్టిన మైనంలా కరుగుతాయి. కంట్రోల్+కే అక్కడ విడగొడుతుంది, ఇక్కడ కలుపుతుంది. అలవాటు మారే వరకు ఎడిట్, ప్రిఫరెన్సెస్, ఇంటర్‌ఫేస్, కీబోర్డ్ అని వెళ్తే కోరెల్‌డ్రా ఎక్స్4 అనే మీటల వరస ఉంటుంది, అది పెట్టండి. దాంతో పైన చెప్పిన ఇంక్‌స్కేప్ మీటలు కొన్ని మారతాయి, కాబట్టి ఆ పనులు మెనూ నుంచి చేయండి.

ప్లాటర్‌కి పంపేటప్పుడు సేవ్ యాజ్‌లో డీఎక్స్‌ఎఫ్ ఆర్14 (కటింగ్ సాఫ్ట్‌వేర్ చదివే ఫైలు రకం) ఎంచుకోండి. అడిగే చోట యూనిట్ మిల్లీమీటర్ పెట్టండి, కటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ మిల్లీమీటరే ఉండాలి. ఒక పక్క అంగుళం, ఒక పక్క మిల్లీమీటర్ అయితే స్టిక్కర్ 25.4 రెట్లు పెద్దదో చిన్నదో అవుతుంది. డీఎక్స్‌ఎఫ్‌లోకి గీత మందం వెళ్లదు. అక్షరానికి లావు అవుట్‌లైన్ ఇచ్చి ఉంటే ముందు స్ట్రోక్ టు పాత్ (గీత మందాన్నే ఆకారంగా మార్చడం) చేసి, తర్వాత యూనియన్ చేయండి.

ఇంక్‌స్కేప్ 0.92 కన్నా ముందు వెర్షన్లో చేసిన ఎస్‌వీజీ ఎవరైనా ఇస్తే కొలత చూసుకోండి. అప్పుడు అంగుళానికి 90 పిక్సెళ్లు, ఇప్పుడు 96. తెరిచేటప్పుడు అడిగే ప్రశ్నకి చూడకుండా జవాబిస్తే 16 అంగుళాల బోర్డు 15 అంగుళాలకి దిగొచ్చు. షీటు మీద కత్తి పెట్టే ముందు 100 మిల్లీమీటర్ల చతురస్రం ఒకటి కోసి స్కేలుతో కొలవండి.