వెనక మట్టి వాలుగా ఉంటే రిటైనింగ్ వాల్‌పై ఒత్తిడి ఎంత?

ప్రశ్న: కోనసీమలో కాలువ పక్కన మట్టిని ఆపే గోడ (రిటైనింగ్ వాల్). పునాది అడుగు నుంచి ఎత్తు 3 మీటర్లు, హీల్ (పునాదిలో గోడ వెనక మట్టి కిందికి చాచిన భాగం) 1.5 మీటర్లు. వెనక ఇసుక (రేణువుల మధ్య పట్టును చెప్పే ఘర్షణ కోణం 30 డిగ్రీలు, బరువు ఘనపు మీటరుకు 18 కిలోన్యూటన్లు), పైన 15 డిగ్రీల వాలు. మట్టి ఒత్తిడి లెక్కకు గుణకం 0.333 వాడొచ్చా?

జవాబు 1: వద్దండీ, అది చదును మట్టికి. ర్యాంకిన్ మట్టి ఒత్తిడి సూత్రం ప్రకారం ఈ వాలుకు 0.373. ఎత్తు కూడా 3 కాదు. హీల్ చివర నుంచి నిలువుగా వాలును తాకేదాకా కొలవాలి, అంటే 3.4. సగం × 18 × 3.4 × 3.4 × 0.373 = మీటరు పొడవుకు 38.8 కిలోన్యూటన్లు. మీ లెక్కలో 27 వచ్చేది!

ప్రశ్న: అంతా అడ్డంగానేనా?

జవాబు 1: కాదు, వాలుకు సమాంతరంగా. అడ్డంగా 37.5, కిందికి 10.

జవాబు 2: నీళ్ల సంగతి మరిచారు. కాలువకు నీళ్లు ఆపేశాక గోడ ముందు నీరు దిగిపోతుంది, వెనకది దిగదు. 3 మీటర్లు నిలిస్తే నీటిదే 44. ఆ నీరు బయటికి పోయేలా గోడలో మీటరున్నరకో 75 మిల్లీమీటర్ల గొట్టం, వెనక కంకర పెట్టండి. నల్లరేగడి మాత్రం నింపొద్దు, ఉబ్బితే ఈ లెక్కేదీ నిలవదు.