ఓడలో వాడుకునే క్రెడిట్టా, టికెట్లోనే తగ్గింపా?

గుత్తికోట, అనంతపురం

సింగపూర్‌లో ఎక్కే 4 రాత్రుల క్రూయిజ్ (ఓడ విహారం) తీసుకుందాం. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, ఒకటే గది, టికెట్ 1,60,000 రూపాయలు. ఏజెంటు రెండు ఆఫర్లు పెట్టినాడనుకోండి: టికెట్లో 6,000 తగ్గింపు, లేదంటే ఓడలో ఖర్చు పెట్టుకోవడానికి 100 డాలర్ల ఆన్‌బోర్డ్ క్రెడిట్. డాలరు 90 రూపాయలని లెక్కేస్తే క్రెడిట్ 9,000 అవుతుంది కాబట్టి అందరూ అటే మొగ్గుతారు. అది తప్పని నా వాదన.

ఆ 9,000 మన చేతికి రాదు. ఓడలోని అంగళ్లలో, వాళ్లు పెట్టిన రేటుకే చెల్లుతుంది. 12 డాలర్ల డ్రింకు గ్లాసు మీద 18 శాతం సర్వీసు చార్జీ పడితే 14 డాలర్లు దాటుతుంది. అట్లాంటివి 7 తీసుకుంటే క్రెడిట్ అయిపోయె. క్రెడిట్ లేకుంటే ఆ 7 గ్లాసులు కొనేవాళ్లమా? కొనకపోతే 6,000 తగ్గింపే లాభం.

గండికోట, కడప

అన్నా, టిప్పులు మర్చిపోయినావు. అమెరికా కంపెనీల ఓడల్లో మనిషికి రోజుకు ఇంతని గ్రాట్యుటీ దానంతటదే మన ఖాతాలో పడుతుంది. మామూలు గదికి 18 డాలర్లనుకో, పిల్లలకూ అంతే. 4 మందికి 4 రోజులకు 288 డాలర్లు. మనం ఒక్క గ్లాసు ముట్టకపోయినా ఈ బిల్లు తప్పదు. క్రెడిట్ ముందు దీంట్లోనే తరుగుతుంది, 188 మాత్రమే కార్డు మీద పడుతుంది.

ఇంకొకటుంది. మన కార్డుల్లో ఎక్కువ వాటికి విదేశీ కరెన్సీ మార్కప్ (డాలర్ల బిల్లు మీద బ్యాంకు వేసే అదనపు చార్జీ) 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 4.13 శాతం. క్రెడిట్‌తో తీరిన 100 డాలర్ల మీద ఆ 372 రూపాయలూ మిగులుతాయి. అంటే క్రెడిట్ విలువ 9,372. నీ తగ్గింపు 6,000. తేడా 3,372 రూపాయలు.

గుత్తికోట, అనంతపురం

టిప్పులు ఓడలో కడితేనే కదప్పా నీ లెక్క. ప్యాకేజీ ధరలోనే టిప్పులు కలిపేసి అమ్మితే? అప్పుడు క్రెడిట్‌కు తీర్చడానికి బిల్లే లేదు, మళ్లీ గ్లాసుల దగ్గరికే వస్తాం. కొటేషన్‌లో 'టిప్పులతో కలిపి' అని రాసుందా లేదా చూడకుండా ఎవరూ క్రెడిట్‌కు ఒప్పుకోవద్దు.

బురుజునీడ, కర్నూలు

ఇద్దరి లెక్కా సరైనదే, కానీ ఇద్దరూ క్రెడిట్ అంతా ఒకటే రకమన్నట్టు మాట్లాడుతున్నారు. రీఫండబుల్ అయితే మిగిలింది చివర్లో నగదుగానో కార్డుకో తిరిగొస్తుంది. నాన్-రీఫండబుల్ అయితే చివరి రాత్రితో పోతుంది, ఒక్క డాలరూ వెనక్కి రాదు. ఆఫర్లుగా ఇచ్చేవాటిలో ఎక్కువ ఈ రెండో రకమే. అందుకే ఏజెంటును వాట్సాప్‌లో కాదు, ఈమెయిల్‌లో నాలుగు ప్రశ్నలడగండి. ఏ రకం? గదికా, మనిషికా? ఇచ్చేది ఓడ కంపెనీయా, ఏజెంటా? ఓడెక్కకముందే బుకింగ్‌లో కనబడుతుందా? గదికి 100 ఇచ్చే క్రెడిట్‌ను మనిషికి 100 అనుకొని లెక్కేసుకుంటే అక్కడే తేడా వస్తుంది. కంపెనీ ఇచ్చే బుకింగ్ పత్రంలో ఆ మొత్తం అచ్చయి ఉంటేనే నమ్మండి.

ఇంకో చిక్కు. వైఫై, డ్రింక్ ప్యాకేజీ, తీరం మీది టూర్లు కంపెనీ వెబ్‌సైట్‌లో ముందే కొంటే ఓడలో కన్నా చవగ్గా దొరకడం మామూలు. ఆ ముందస్తు కొనుగోళ్లకు ఈ క్రెడిట్ సాధారణంగా పనికిరాదు, ఓడెక్కినాకే వాడాలి. కాబట్టి క్రెడిట్ ఉంది కదా అని వైఫైని ఓడలో కొనొద్దు. వైఫై ముందే కొనేసి, క్రెడిట్‌ను టిప్పులకు వదిలెయ్యండి.

క్రెడిట్ కార్డు వాడినందుకు బ్యాంకు ఇచ్చే రివార్డు పాయింట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. కార్డులో 40,000 పాయింట్లున్నాయనుకోండి. మన దగ్గర దొరికే మధ్యస్థాయి ట్రావెల్ కార్డుల్లో పాయింటుకు విమానం టికెట్ల మీద 50 పైసలు, బిల్లులో సర్దుబాటు చేయించుకుంటే 20 పైసలు వచ్చేవి ఉన్నాయి. అంటే అవే పాయింట్లు ఒక చోట 20,000, ఇంకో చోట 8,000. బ్యాంకుల పోర్టళ్లలో విమానాలు, హోటళ్లు దొరికినంత సులువుగా క్రూయిజ్‌లు దొరకవు. అట్లని పాయింట్లను బిల్లులో కలిపేసి క్రూయిజ్ కొంటే 12,000 నష్టం. పాయింట్లతో సింగపూర్ విమానం, మామూలు చెల్లింపుతో ఓడ. అనంతపురం వాళ్లకు బెంగళూరు, కడప వాళ్లకు చెన్నై, మాకు హైదరాబాద్, మూడు చోట్ల నుంచీ సింగపూర్‌కు నేరుగా విమానాలున్నాయి. టికెట్ ధరంతా పాయింట్లతో కట్టనివ్వని పోర్టళ్లున్నాయి, మిగతాది అదే కార్డుతో కట్టాలి. పాయింట్లు వాడుకున్నందుకు తీసుకునే రిడెంప్షన్ ఫీజు కూడా చూసుకోండి.

గండికోట, కడప

పాయింట్ల మాట నూటికి నూరు ఒప్పుకుంటా బ్బా. టికెట్ ఎక్కడ కొంటామనేది కూడా చేర్చు. కంపెనీ విదేశీ వెబ్‌సైట్‌లో డాలర్లలో కొంటే 1,60,000 మీద 4.13 శాతం, అంటే 6,608 మార్కప్‌కే పోతుంది. గుత్తికోటన్న తగ్గింపు మొత్తం దాంట్లోనే మునిగిపోతుంది. ఇక్కడి ఏజెంటుకు రూపాయల్లో కడితే ఆ బాధ లేదు. ఏజెంటు టీసీఎస్ (విదేశీ టూర్ ధర మీద ముందే వసూలు చేసే ఆదాయపన్ను) పట్టుకుంటాడని భయపడి వెబ్‌సైట్‌కు పోవద్దు. టీసీఎస్ పోయే డబ్బు కాదు, మన పాన్ మీద జమవుతుంది, రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుబాటవుతుంది, ఎక్కువైతే రీఫండ్ వస్తుంది. మార్కప్ మాత్రం పోతే పోయినట్టే.

హంద్రీఒడ్డు, కర్నూలు

ఒక్క మాట చెప్తా. టికెట్‌ను ఈఎంఐలో పెడితే చాలా కార్డులు ఆ మొత్తానికి పాయింట్లే ఇవ్వవు. బిల్లు పూర్తిగా కట్టకుండా మినిమం డ్యూ (బ్యాంకు అడిగే కనీస మొత్తం) మాత్రమే కడితే నెలకు 3.5 శాతం పైగా వడ్డీ, దాని మీద జీఎస్టీ. లక్షా అరవై వేల మీద ఒక్క నెల వడ్డీ 5,600. అంతసేపు మీరు కొట్లాడుకున్న లాభం ఒక్క బిల్లుతో పాయె.

బురుజునీడ, కర్నూలు

హంద్రీఒడ్డు చెప్పింది అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది. ఓడెక్కేటప్పుడు ఖాతాకు ఏ కార్డు జోడించాలనేదీ ముఖ్యమే. క్రెడిట్ కార్డే ఇవ్వండి. ఓడవాళ్లు ఖర్చులకు ముందుగానే కొంత మొత్తం హోల్డ్ పెడతారు. డెబిట్ కార్డయితే బ్యాంకులోని మీ సొంత డబ్బు ఆగిపోయి, దిగినాక కూడా విడుదలకు రోజులు పడుతుంది. 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డులకు విదేశీ వాడకం మూసే ఉంటుంది, యాప్‌లో తెరుచుకొని పోవాలి. నడిసముద్రంలో ఓటీపీ రాదు. మార్కప్ లేని కార్డు ఉంటే అదే జోడించండి, గండికోట చెప్పిన 188 డాలర్ల మీద 700 దాకా మిగులుతుంది. బిల్లును 'రూపాయల్లో తీసుకోమంటారా' అని అడిగితే వద్దనండి. ఆ మార్పిడి రేటులో వాళ్ల లాభం కలిసి ఉంటుంది.

గుత్తికోట, అనంతపురం

సరే, టిప్పులు ఓడలో కట్టే బుకింగ్ అయితే, ఈమెయిల్‌లో రాతపూర్వకంగా ఉంటే, 100 డాలర్ల క్రెడిట్ మేలని ఒప్పుకుంటా. టిప్పులు ముందే కట్టేసినచోట నా మాట నాదే. ఇంకొకటి మీరు చెప్పలేదు: ప్రయాణం రద్దయితే క్రెడిట్ దాంతోపాటే పోతుంది. తగ్గింపయితే మనం కట్టిందే 6,000 తక్కువ కాబట్టి రద్దు చార్జీల్లో మునిగే మొత్తమూ అంతమేరకు తగ్గుతుంది. పిల్లల పరీక్షల తేదీలు తేలని ఇంటికి ఇది చిన్న సంగతి కాదు.

గండికోట, కడప

అది న్యాయమే అన్నా. తేదీలు ఖాయమైన వాళ్లకు మాత్రం ఒక జాగ్రత్త. ఎక్కిన మొదటి రోజే యాప్‌లోనో గదిలోని టీవీలోనో ఖాతా తెరిచి చూడండి, క్రెడిట్ మైనస్ అంకెగా కనబడాలి. లేకుంటే బుకింగ్ పత్రం పట్టుకొని ఆరోజే గెస్ట్ సర్వీసెస్ (ఓడలోని సహాయ కౌంటరు) దగ్గరికి పోండి. చివరి రాత్రికి అక్కడ పెద్ద వరుస ఉంటుంది. దిగినాక ఆ డాలర్లను ఎవరూ తిరిగి ఎక్కించరు.