మెల్ బ్లాంక్ కథ నిజమేనా? కార్టూన్లకు గొంతునిచ్చే వారి జీవితం గురించి ఒక ప్రశ్న

ప్రశ్న: దేవరకొండ మాస్టారు

అందరికీ నమస్కారం. నేను దేవరకొండ మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. మా తొమ్మిదవ తరగతిలో ఒక అమ్మాయి ఉంది. టీవీలో వచ్చే బొమ్మల గొంతులన్నీ, వాటితో పాటు మా ప్రధానోపాధ్యాయుల గొంతు కూడా, ఆమె నోట ఉన్నవి ఉన్నట్టుగా పలుకుతాయి కాబట్టి మధ్యాహ్న భోజనం వేళ పిల్లలందరూ ఆమె చుట్టూ మూగుతారు. మొన్న ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "సార్, బొమ్మలకు మాటలు చెప్పేటోళ్లు ఎక్కడుంటరు? వాళ్లకు జీతముంటదా?" అని అడిగింది. నాకు తెలియదని ఒప్పుకోవలసి వచ్చింది.

బగ్స్ బన్నీ అనే కుందేలుకు గొంతునిచ్చిన మెల్ బ్లాంక్ అనే అమెరికా కళాకారుడు ప్రమాదంలో స్పృహ కోల్పోయి, ఎవరు పిలిచినా పలకక, చివరకు ఆ కుందేలు గొంతుతోనే బదులిచ్చాడని ఎప్పుడో ఒక పత్రికలో చదివిన గుర్తు. ఆయన జీవితాన్ని ఆ అమ్మాయికి చెప్పాలని ఉంది, కానీ కట్టుకథను నిజమని చెప్పడం నాకు ఇష్టం లేదు. తెలిసిన వారు వివరించగలరు. అలాగే మన వైపు ఈ పని ఎలా సాగుతుందో తెలిసిన వారుంటే అదీ చెప్పండి.

జవాబు: పాలమూరు పాఠకుడు

మాస్టారూ, ప్రమాదం నిజం. 1961 జనవరి 24న లాస్ ఏంజెలెస్‌లోని సన్‌సెట్ బొలెవార్డ్ మీద ఒక ప్రమాదకరమైన మలుపులో ఆయన కారు, ఎదురుగా వచ్చిన కారు ఢీకొన్నాయి. కాళ్లు, కటి ఎముక విరిగి, తలకు దెబ్బ తగిలి, సుమారు రెండు వారాలు ఆయనకు స్పృహ లేదు. పేరు పెట్టి ఎన్నిసార్లు పిలిచినా పలకకపోవడంతో, వైద్యులలో ఒకరు "బగ్స్ బన్నీ, ఈ రోజు ఎలా ఉన్నావు?" అని అడిగారనీ, మంచం మీది మనిషి కుందేలు గొంతుతో బాగానే ఉన్నానని బదులిచ్చాడనీ బ్లాంకూ, ఆయన కుమారుడూ చెప్పారు. మనిషి మేల్కొనే సమయం వచ్చి మేల్కొన్నాడా, ఆ పిలుపే మేల్కొలిపిందా అన్నది ఎవరూ తేల్చగలిగింది కాదు. కనుక "గొంతే ప్రాణం పోసింది" అనకుండా, "మొదట పలికింది ఆ గొంతే" అని చెబితే సరిపోతుందని నా అభిప్రాయం.

నాకైతే ఆ తరువాత జరిగిందే ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది. అప్పటికి ఆయన 1960లో మొదలైన ఒక టీవీ ధారావాహికలో, రాతియుగపు కుటుంబాల కథలో, బార్నీ రబుల్ అనే పాత్రకు గొంతునిస్తున్నారు. కొన్ని భాగాలకు డాస్ బట్లర్ అనే మరొక కళాకారుడు ఆ పాత్రను నిలబెట్టగా, ఆ తరువాత రికార్డింగు సరంజామానంతా బ్లాంక్ ఇంటికే తెచ్చారు. ఒళ్లంతా కట్టుతో వెల్లకిలా పడుకొని, మంచం మీదికి వేలాడదీసిన మైకులో ఆయన నవ్వులాటల మాటలు చెప్పారు. కదలలేని మనిషి గెంతులు వేసే పాత్రకు ఊపిరి ఎక్కడి నుంచి తెచ్చాడో ఆలోచించమని మీ విద్యార్థినితో చెప్పండి.

ఇక మొదటి నుంచి. ఆయన 1908 మే 30న శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టి, ఆరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో పెరిగారు. అసలు ఇంటిపేరుకు ఇంగ్లీషులో "ఖాళీ" అని అర్థం. బడిలో ఒక ఉపాధ్యాయురాలు "నీ పేరులాగే నీవూ ఖాళీగా మిగిలిపోతావు" అన్నందుకు, ఉచ్చారణ అలాగే ఉంచి చివరి అక్షరం మార్చుకున్నానని ఆయన చెప్పేవారు. (ఉపాధ్యాయులు ఈ ముక్క దాటవేయవచ్చు, నేను ఏమీ అనుకోను.) అదే బడి వరండాలో నవ్వితే గోడలు తిరిగి నవ్వుతున్నాయని కనిపెట్టి, అల్లరికి సాధన చేసిన నవ్వే తరువాత వూడీ అనే కార్టూన్ వడ్రంగిపిట్ట నవ్వయింది.

రేడియోలో పేరు తెచ్చుకున్నాక కూడా కార్టూన్ల స్టూడియో తలుపు ఆయనకు వెంటనే తెరుచుకోలేదు. ఏడాదిన్నర పాటు మళ్లీ మళ్లీ వెళితే, కావలసిన గొంతులు మా దగ్గర ఉన్నాయని అక్కడి అధికారి పంపించివేశాడట. చివరకు ట్రెగ్ బ్రౌన్ అనే సౌండ్ ఎడిటర్ ఆయన గొంతులు విని అవకాశం ఇప్పించాడు. పోర్కీ అనే పంది పాత్రకు అంతకుముందు నిజంగానే నత్తి ఉన్న ఒక నటుడు మాట్లాడేవాడు. నత్తి ఆయన అదుపులో ఉండేది కాదు కాబట్టి రికార్డింగు ఎంతకూ తెమిలేది కాదు. 1937లో ఆ పాత్ర బ్లాంక్‌కు వచ్చింది. పందులు గుర్రుమనే తీరులోనే నత్తి ఉందని పట్టుకొని, ఆయన ఆ లయ మీద మాటను కూర్చారు. అనుకరణకూ పాత్రను కట్టడానికీ ఉన్న తేడా ఇక్కడే ఉంది. మీ అమ్మాయి ఇప్పుడు చేస్తున్నది మొదటిది, ఆమెకు రెండవది నేర్పాలి.

మరొక పుకారు కూడా వినే ఉంటారు: ఆయనకు క్యారెట్ పడేది కాదని. అది అబద్ధం. కొరికిన చప్పుడు సరిగ్గా రావడానికి క్యారెట్‌కు సాటి మరొకటి దొరకలేదు. అయితే నమిలి మింగేలోగా తరువాతి మాట చెప్పవలసి వస్తుంది గనుక పక్కన గిన్నె పెట్టుకొని ఉమ్మేసేవారు, అంతే. ఆయన 1989 జులై 10న మరణించారు. కార్టూన్ల చివర పోర్కీ చెప్పే "ఇంతే సంగతులు" అనే వీడ్కోలు మాటనే హాలీవుడ్‌లోని సమాధి రాతి మీద చెక్కించారు.

జవాబు: నకిరేకల్ గొంతు

నేను నకిరేకల్ వైపు పుట్టి, హైదరాబాదులో పన్నెండేళ్లుగా డబ్బింగ్ చెబుతున్నాను. పాలమూరు మిత్రులు రాసినదానికి ఒక ముఖ్యమైన విషయం కలపాలి. బ్లాంక్ గారి పద్ధతిలో మొదట గొంతు రికార్డవుతుంది, దానికి తగ్గట్టు బొమ్మ నోరు గీస్తారు. మాకు వచ్చేసరికి బొమ్మ ఎప్పుడో గీయడం అయిపోయి ఉంటుంది. జపానులోనో అమెరికాలోనో కదిలిన నోటికి మేము తెలుగును అతికించాలి. ఆ నోరు ప, బ, మ అన్నట్టు మూసుకున్న చోట మా మాటలోనూ పెదవులు కలిసే అక్షరం పడాలి. ఇంగ్లీషు మాట చాలాసార్లు హల్లుతో ఠక్కున ఆగుతుంది, మన మాట అచ్చుతో ముగుస్తుంది. బొమ్మ నోరు మూసుకున్నాక కూడా "వచ్చాడు"లోని చివరి "డు" గాలిలో మిగిలిపోతుంది. మొదటి ఆరు నెలలు నన్ను ఏడిపించింది ఆ "డు" ఒక్కటే.

అమ్మాయి అని వెనుకాడవద్దు. కార్టూన్లలో మగపిల్లల గొంతులు చాలావరకు ఆడవాళ్లవే, ఎందుకంటే మగపిల్లవాడి గొంతు కొన్నేళ్లలో మారిపోతుంది. జపానులో డోరేమాన్ అనే రోబో పిల్లికి 1979 నుంచి 2005 దాకా గొంతునిచ్చింది నొబుయో ఒయామా అనే మహిళ. అమెరికాలో బార్ట్ సింప్సన్ అనే అల్లరి పిల్లవాడి గొంతు నాన్సీ కార్ట్‌రైట్‌ది. ఆమె వెళ్లింది బార్ట్ చెల్లి లీసా పాత్రకు పరీక్ష ఇవ్వడానికి, అక్కడ బార్ట్ పాత్రే కావాలని అడిగి తీసుకుంది.

జీతం గురించి: నెల జీతం ఉండదు. పాత్రను బట్టి, భాగాల లెక్కన ఇస్తారు. ఒక నెల ఊపిరి సలపదు, మరుసటి నెల ఫోను మోగదు. నేను మొదట వెళ్లిన ఒక స్టూడియోలో నా యాస విని, "ఇది పనివాళ్ల పాత్రలకు పనికొస్తుంది" అన్నారు. ఆ మాట నేను మరచిపోలేదు. కానీ నా యాసను వదిలిపెట్టలేదు, దానితో పాటు స్టూడియో వాళ్లు కోరే తెలుగునూ నేర్చుకున్నాను. ఇప్పుడు రెండూ అడుగుతున్నారు.

మరొకటి. నాకు ఈ పని నేర్పింది హైదరాబాదు కాదు. మా ఊరిలో ఒగ్గుకథ జరిగితే రాత్రంతా కూర్చునేవాణ్ణి. ఒకే కథకుడు భుజం మీది గొంగడి సర్దుకునేలోగా మల్లన్న అయ్యేవాడు, బలిజ మేడలమ్మ అయ్యేవాడు, గొల్ల కేతమ్మ అయ్యేవాడు. గొంతు సన్నం చేసినంత మాత్రాన మేడలమ్మ కాలేదు. ఆమె కోపానికి ఊపిరి ఎక్కడ ఆగుతుందో ఆయనకు తెలుసు. మీ అమ్మాయిని ఒక కథకు తీసుకువెళ్లి, కళ్లు మూసుకొని వినమనండి. ఇంటి దగ్గర దుప్పటి కప్పుకొని ఫోనులో రికార్డు చేసుకుంటే గది మోత తగ్గుతుంది. ఒకే వాక్యాన్ని కోపంగా, దొంగతనం దాస్తున్నట్టుగా, నిద్రలో ఉన్నట్టుగా చెప్పి, మరునాడు వినాలి. గొంతు మండితే ఆ రోజుకు ఆపాలి. అరుపుల పాత్రలు ఇప్పుడే వద్దు.

జవాబు: నల్లగొండ గడియారం

మెల్ బ్లాంక్ గొప్పవాడే, కాదనను. కానీ ఆయన కథ చెప్పేటప్పుడు మిగిలిన గొంతులను మరుగున పడేయకండి. జీతం పెంచమని అడిగితే యజమాని ఒప్పుకోకపోవడంతో, దానికి బదులుగా తెర మీద తన పేరు వేయాలని ఆయన అడిగి సాధించుకున్నారు. కార్టూన్ గొంతులకు అప్పటిదాకా దక్కని గౌరవం అది. అయితే ఏళ్ల తరబడి ఆ ఒక్క పేరే కనిపించింది. కుందేలును వేటాడే ఎల్మర్ ఫడ్‌కు గొంతునిచ్చిన ఆర్థర్ క్యూ. బ్రయన్ 1959లో పోయేదాకా ఆ కార్టూన్లలో ఆయన పేరు పడలేదు. బామ్మ పాత్ర చెప్పిన జూన్ ఫోరే సంగతీ చాలాకాలం అంతే. పాత కార్టూన్లన్నీ ఒక్కరే చెప్పారని జనం అనుకోవడానికి సగం కారణం ఇదే. వడ్రంగిపిట్ట కార్టూన్లలో తన నవ్వును వాడుకున్నారని బ్లాంక్ కోర్టుకు వెళితే ఆయనే ఓడిపోయారన్నది కూడా చెప్పండి. ఆ నవ్వు మీద ఆయనకు కాపీహక్కు లేదని తీర్పు వచ్చింది, తరువాత బయట రాజీ కుదిరింది.

దేవరకొండ మాస్టారు (మళ్లీ)

అందరికీ కృతజ్ఞతలు. ఉపాధ్యాయురాలి ముక్క దాటవేయను, అదే మొదట చెబుతాను. నల్లగొండ మిత్రుల మాట చదివాక మా పిల్లలకు ఒక తెలుగు కార్టూన్ చివరిదాకా చూపించి, పేర్లు ఎన్ని కనిపిస్తాయో లెక్కపెట్టమన్నాను. గొంతునిచ్చిన వారి పేరు ఒక్కటీ కనబడలేదు. నకిరేకల్ మిత్రులకు ఒక సందేహం: అమ్మాయి నిన్న దుప్పటి కింద చేసిన రికార్డింగు వినిపించింది. ప్రధానోపాధ్యాయుల గొంతులో మాటకు ముందు చిన్న దగ్గు ఉంటుంది, అది వదిలేసి చెప్పింది. ఎందుకని అడిగితే, "దగ్గు లేకున్నా సారే అనిపించాలె గద సార్" అంది. ఇది సరైన దారేనా?

నకిరేకల్ గొంతు

సరైనదే. తరువాతి వారం ప్రధానోపాధ్యాయులు ఎన్నడూ అనని మాట ఒకటి ఇచ్చి, ఆయన గొంతుతో చెప్పించండి. వేసవి సెలవుల్లో హైదరాబాదు వస్తే ఒక పూట మా రికార్డింగు చూపిస్తాను, ఇంట్లో వాళ్లను కూడా వెంట తీసుకురండి.